కప్పు లేని లిగ్వి మందిరానికి మళ్ళీ కప్పు వేయాలా?

తీరవాసి

వేల్స్‌కు వాయవ్యాన ఉన్న ఆంగిల్సీ దీవిలో, తూర్పు తీరాన మోయిల్‌వ్రె అనే ఊరికి దగ్గర్లో, పచ్చిక బయళ్ళ నడుమ కాపెల్ లిగ్వి అనే చిన్న ప్రార్థనా మందిరం శిథిలమై నిలిచి ఉంది. దానిని 12వ శతాబ్దపు తొలి సగంలో కట్టారు. 14వ శతాబ్దంలో గోడల పైభాగాన్ని మళ్ళీ కట్టారు. 16వ శతాబ్దంలో దక్షిణం వైపు ఒక చిన్న గదిని, దాని కింద ఒక నేలమాళిగను చేర్చారు. వేల్స్ ప్రభుత్వపు వారసత్వ సంస్థ కాడూ దాని బాగోగులు చూస్తోంది. ఎవరైనా వెళ్ళి చూడవచ్చు, రుసుము లేదు.

ఈ వేదికలో శిథిలాల పరిరక్షణ గురించి తరచుగా మాట్లాడుకుంటున్నాం గనుక, ఒక నిర్దిష్టమైన కట్టడాన్ని ముందు పెట్టుకుని వాదించుకుంటే మేలని నా ఉద్దేశం. నా ప్రతిపాదన ఇది: ఈ మందిరానికి కప్పు వేయాలి. ఎందుకంటే ఇది నేలమట్టమైన కట్టడం కాదు. గోడలు చాలావరకు పూర్తి ఎత్తున ఉన్నాయి. పడమటి గోడ కొసన గంట కట్టడానికి కట్టిన రాతి గూడు కూడా చెక్కుచెదరలేదు. రెండు కొసలా కోణపు గోడలు, అంటే కప్పు వాలుకు తగ్గట్టు పైన త్రికోణంగా కట్టే గోడలు, నిలిచి ఉన్నాయి కాబట్టి కప్పు ఎంత వాలుగా ఉండేదో ఊహించనక్కరలేదు, కళ్ళతో చూసి చెప్పవచ్చు. ఇంతా ఉండి, లేనిది కప్పు ఒక్కటే అయినప్పుడు, ఆ ఒక్కటీ వేయకుండా తొమ్మిది వందల ఏళ్ళ నాటి గోడలను వానకు వదిలేయడం పరిరక్షణ ఎలా అవుతుంది? శిథిలం అందంగా ఉంటుందన్న మాట నాకూ తెలుసు. కానీ కట్టినవాళ్ళు దానిని శిథిలంగా కట్టలేదు.

శిథిలశోధి

తీరవాసి గారూ, మీ ప్రతిపాదనలో మీరే చెప్పిన మూడు శతాబ్దాల లెక్కతోనే చిక్కు మొదలవుతోంది. కప్పు వేస్తే ఏ శతాబ్దపు కప్పు వేస్తారు? 12వ శతాబ్దపుదంటే, 14వ శతాబ్దంలో కట్టిన పైగోడల మీద దానిని నిలబెట్టాలి. మీరు చూసి వాలు చెప్పవచ్చన్న కోణపు గోడలు ఆ రెండో విడత పనిలో భాగాలే. 14వ శతాబ్దపుదంటే, 16వ శతాబ్దపు దక్షిణపు గదిని ఏం చేస్తారు? దాని కప్పు ప్రధాన కప్పుతో ఎక్కడ, ఎలా కలిసేదో గోడ మీద గుర్తులు చూసి కొంత చెప్పగలరేమో గానీ, దూలాలు ఎలా అమర్చారో, పైన పలకరాళ్ళు పరిచారో, గడ్డి కప్పారో నిలిచి ఉన్న గోడలు చెప్పవు. వాలు తెలిసినంత మాత్రాన కప్పు తెలిసినట్టు కాదు.

ఇది కొత్త వాదన కాదు. 19వ శతాబ్దంలో బ్రిటన్ అంతటా మధ్యయుగపు చర్చిలను బాగుచేస్తామని బయలుదేరిన వాస్తుశిల్పులు, తమకు నచ్చిన ఒక కాలాన్ని ఎంచుకుని, దానికి సరిపోని వాటినన్నిటినీ గీకి పారేశారు. గోడల మీది పాత సున్నపు పూతలు, వాటి కింద ఏ రంగుల చిత్రాలున్నాయో ఎవరూ చూడకముందే నేలపాలయ్యాయి. ఆ ధాటిని ఆపాలనే 1877లో కవి, రూపశిల్పి విలియం మారిస్ తన మిత్రులతో కలిసి పురాతన కట్టడాల రక్షణకు ఒక సంఘాన్ని స్థాపించాడు. బాగుచేయడం వేరు, పడిపోకుండా చూడడం వేరు అన్నది ఆ సంఘం పట్టుదల. 1964లో వెనిస్‌లో పలు దేశాల నిపుణులు ఆమోదించిన ఒప్పందపత్రం కూడా, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలని తేల్చి చెప్పింది. లిగ్వి గోడల మీద దూలం పెట్టిన క్షణం నుంచే ఊహ మొదలవుతుంది.

ఊహకు పగ్గాలు వదిలితే ఏమవుతుందో చూడాలంటే వేల్స్ దాటి వెళ్ళనక్కరలేదు. కార్డిఫ్‌కు ఉత్తరాన 13వ శతాబ్దపు కాస్తెల్ కోఖ్ శిథిలం ఉండేది. 19వ శతాబ్దం చివరలో బ్యూట్ ప్రభువు డబ్బుతో విలియం బర్జెస్ అనే వాస్తుశిల్పి దాని పునాదుల మీద సూదిమొన శంకువుల్లాంటి కప్పులతో ఒక కోట కట్టాడు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ అది విక్టోరియా రాణి కాలపు కట్టడం. మధ్యయుగపు కోట దాని కింద అణగిపోయింది.

ఉదయకీర్తన

నేను తీరవాసి గారి పక్షమే గానీ, నా కారణం వేరు. అది ప్రార్థన కోసం కట్టిన ఇల్లు. మా గుంటూరు ప్రాంతంలో చిన్న మందిరం కప్పు గాలివానకు ఎగిరిపోతే, సంఘస్థులు మరుసటి ఆదివారానికల్లా కనీసం రేకులైనా వేయించుకుంటారు. అది పురాతనమా, రేకు ఆ కాలానిదేనా అని ఎవరూ అడగరు. అలాగే మన ప్రాంతాల్లో పాడుబడిన గుడిని తిరిగి నిలబెట్టడాన్ని పుణ్యకార్యంగా చూస్తారు. పాడుబడిన దానిని పాడుబడినట్టే చూసి ఆనందించాలన్న రుచి యూరప్‌లో రెండు మూడు వందల ఏళ్ళ కింద పుట్టింది. ఆ రుచిని ఆ మందిరం కట్టిన 12వ శతాబ్దపు వేల్స్ రైతు మీద రుద్దడం నాకు న్యాయంగా తోచడం లేదు.

సున్నపు మేస్త్రి

నేను రాతికట్టు పనుల్లో, ముఖ్యంగా పాత సున్నపు గోడల మరమ్మతుల్లో చాలాకాలంగా ఉన్నాను. ఇక్కడి వాదన అందం గురించి, భక్తి గురించి పోతోంది. గోడ గురించి ఎవరైనా మాట్లాడాలి.

ఇలాంటి మధ్యయుగపు గోడ ఒకే గోడ కాదు. లోపలి ముఖం ఒకటి, బయటి ముఖం ఒకటి, రెంటినీ పొలాల్లో దొరికిన సున్నపురాతి బండలతో పేరుస్తారు. ఆ రెంటి నడుమ చిన్న రాళ్ళూ సున్నమూ మట్టీ కూరతారు. కప్పు ఉన్నంతకాలం ఆ నడిమి కూరుడు పొడిగా ఉంటుంది, గోడ గట్టిగా ఉంటుంది. కప్పు పోయాక వాన గోడ ముఖాన కొట్టడం వల్ల జరిగే నష్టం కొంతే. అసలు నష్టం గోడ నెత్తి మీద నుంచి జరుగుతుంది. పైన తెరుచుకున్న సందుల్లోంచి నీరు నడిమి కూరుడులోకి దిగుతుంది, సున్నాన్ని కొద్దికొద్దిగా కడిగి కిందికి తీసుకుపోతుంది, లోపల గుల్ల ఏర్పడుతుంది. బయటి ముఖం చెక్కుచెదరనట్టే కనిపిస్తూ ఒక చలికాలంలో పొట్ట ఉబ్బినట్టు ముందుకు వస్తుంది, ఆ తర్వాత కూలుతుంది. గోడ కూలడానికి ముందు వచ్చే సూచన ఆ ఉబ్బే. పాత గోడను పరీక్షించేటప్పుడు మేం ముందుగా గోడ వెంట కన్ను ఆనించి, వంపు ఎక్కడైనా ఉందా అని చూస్తాం. తర్వాత చిన్న సుత్తితో రాయి మీద తట్టి, గుల్ల మోత వస్తోందా అని వింటాం.

20వ శతాబ్దంలో ఈ సమస్యకు సిమెంటే మందని చాలామంది నమ్మారు. గోడ నెత్తిన సిమెంటు పోత పోశారు, రాళ్ళ సందులకు సిమెంటు పట్టించారు. సిమెంటు బిర్రుగా ఉంటుంది, గోడ మాత్రం ఎండకూ చలికీ కొద్దిగా కదులుతూనే ఉంటుంది. దాంతో ఆ పోత పగులుతుంది, పగుళ్ళలోంచి నీరు లోపలికి పోతుంది, లోపలికి పోయిన నీరు సిమెంటు అడ్డం వల్ల బయటికి ఆవిరి కాలేదు. చివరికి సందు నిలుస్తుంది, రాయి పొరలుగా రాలుతుంది. బ్రిటన్‌లో ఇప్పుడు శిథిలాల మీద జరిగే మరమ్మతుల్లో మంచి వంతు, ఆ పాత సిమెంటు తీసి మళ్ళీ సున్నం పట్టించడమే.

రెండో దారి పచ్చిక. గోడ నెత్తిన మట్టి పరిచి, గడ్డి పలకలు పరచడం. వినడానికి వింతగా ఉంటుంది, ఎందుకంటే ఇదివరకు మేస్త్రుల మొదటి పని గోడ మీద మొలిచిన గడ్డిని పీకడమే. కానీ ఇంగ్లండు వారసత్వ సంస్థ ఇంగ్లీష్ హెరిటేజ్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి శిథిలాల మీద చేసిన పరిశీలనల్లో, గడ్డి పొర కింద రాయి వేడిమి హెచ్చుతగ్గులు బాగా తగ్గుతాయనీ, గడ్డకట్టే చలి లోపలికి అంతగా దిగదనీ, వాననీటిలో చాలా భాగాన్ని మట్టే పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుందనీ తేలింది. ఒకే షరతు: గోడను వేళ్ళతో చీల్చే చెట్టు మొక్కలను ఎప్పటికప్పుడు తీసేయాలి. మన దగ్గర రావి మొక్క చేసే పనిని అక్కడ ఐవీ తీగా యాష్ చెట్టూ చేస్తాయి.

కాబట్టి తీరవాసి గారి ప్రశ్నకు నా జవాబు: గోడలను కాపాడడమే లక్ష్యమైతే కప్పు ఒక్కటే దారి కాదు, అన్నిటికన్నా ఖరీదైన దారి మాత్రం అదే. ఇంకో సంగతి. ఆంగిల్సీ తీరంలో వాన నిలువుగా పడదు, సముద్రపు గాలితో అడ్డంగా కొడుతుంది. ఆ గాలి కప్పును కిందికి నొక్కడం కన్నా పైకి లేపడానికే ఎక్కువ చూస్తుంది. కొత్త కప్పును గోడకు గట్టిగా బిగించాలి. బిగించాలంటే గోడ నెత్తిని విప్పి, చుట్టూ ఒక పట్టీ దూలం వేయాలి. అంటే మనం కాపాడదలచుకున్న 14వ శతాబ్దపు పనిలో పై వరుసలను మనమే తీసేస్తాం.

ఓరుగల్లు పాఠకుడు

మేస్త్రి గారి వివరణ బాగుంది, కానీ విప్పడమంటే అంత భయమెందుకు? హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని భారత పురావస్తు శాఖ 2006లో రాళ్ళకు అంకెలు వేసి మొత్తం విప్పింది. పాడైన వాటికి బదులు కొత్తవి చెక్కించి, తిరిగి నిలబెట్టి 2024 మార్చిలో తెరిచింది. ఆలస్యమైందని మేమంతా విసుక్కున్న మాట నిజమే. అయినా ఇవాళ అక్కడ మండపం ఉంది. విప్పకుండా ఉంచి ఉంటే రాళ్ళ గుట్ట ఉండేది. లిగ్వి మందిరం దానితో పోలిస్తే ఎంత?

సున్నపు మేస్త్రి

పరిమాణంలో పోలిక కుదరవచ్చు గానీ నిర్మాణంలో కుదరదు. కాకతీయుల మండపంలో ప్రతి స్తంభం, ప్రతి దూలం, ప్రతి కప్పుబండ తన చోటికి సరిపోయేలా విడిగా చెక్కినది. రాయి మీద రాయి బరువుతో నిలుస్తుంది, నడుమ సున్నం పని దాదాపు ఉండదు. అందుకే అంకె వేసి విప్పవచ్చు, అదే అంకె ప్రకారం తిరిగి పెట్టవచ్చు. అక్కడ ప్రతి రాయీ తన చోటు తానే చెబుతుంది. లిగ్వి గోడలో రాయికి చెక్కిన రూపం లేదు, దానిని ఆ చోట పట్టి ఉంచినది సున్నమే. విప్పితే ఆ సున్నం పొడిగా రాలిపోతుంది, చేతికి మిగిలేది బండరాళ్ళ కుప్ప. దానితో గోడ కట్టవచ్చు, కానీ అది కొత్త గోడ. ఆ వ్యత్యాసం వల్లనే వెనిస్ పత్రం కూడా, చెదిరిన అసలు రాళ్ళను వాటి చోట్లలో తిరిగి కూర్చడాన్ని అనుమతిస్తూ, కొత్తగా కట్టి పూరించడాన్ని మాత్రం ముందే తోసిపుచ్చింది.

శిథిలశోధి

ఓరుగల్లు పాఠకుడు గారు అడిగిన దానికి వేల్స్‌లోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది, దానిని నేను నా వాదానికి వ్యతిరేకంగా అయినా చెప్పాలి. పాంటర్‌డలైస్ దగ్గర నది ఒడ్డున లాన్‌డైలో తాల్-ఇ-బాంట్ అనే చోట సెయింట్ తైలో పేరిట ఒక మధ్యయుగపు చర్చి వాడుకలో లేక పాడవుతూ ఉండేది. దానిని విప్పి, కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ ఆరుబయటి మ్యూజియానికి తరలించి, 1530 ప్రాంతంలో ఎలా ఉండి ఉంటుందో అలా తిరిగి కట్టి 2007లో తెరిచారు. లోపలికి వెళితే గోడల నిండా ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో సాధువుల బొమ్మలు, క్రీస్తు శ్రమల చిత్రాలు, రంగు వేసిన చెక్కపని కనిపిస్తాయి. మధ్యయుగపు చర్చి బూడిదరంగు రాయిలా ఉండేదనుకునే వాళ్ళ కళ్ళు అక్కడ చెదురుతాయి.

అయితే 1530 అన్న ఏడు గాలిలోంచి రాలేదు. సున్నపు పూతల పొరల కింద ఆ కాలపు చిత్రాలు దొరికాయి. వాటిని జాగ్రత్తగా ఊడదీసి భద్రపరిచారు, వాటిని చూసే కొత్త గోడల మీద మళ్ళీ వేశారు. సాక్ష్యం ఉంది, సాక్ష్యం ఆగిన చోట ఊహ ఎక్కడెక్కడ ఉందో చెప్పుకోగల పరిశోధన ఉంది. అయినా దానికొక మూల్యం ఉంది: 1530 తర్వాత ఆ చర్చిలో మూడు నాలుగు వందల ఏళ్ళు ప్రార్థించిన ప్రొటెస్టెంటు తరాల సామగ్రికి ఆ రూపంలో చోటు దక్కలేదు. లిగ్విలో అలా ఎంచుకోవడానికైనా ఆధారమేది? పూత లేదు, చిత్రం లేదు, చెక్కపని లేదు. కప్పు కింద మనం చూపించబోయేది ఖాళీ గది.

తీరవాసి

ఖాళీ గది అన్నారు గనుక, ఖాళీ అనుకున్న చోట ఏం దొరికిందో చెబుతాను. ఇంగ్లండులోని నార్ఫక్‌లో హౌటన్-ఆన్-ది-హిల్ అనే చోట సెయింట్ మేరీ చర్చి ఊరంతా ఖాళీ అయి, ఐవీ తీగ కింద కనిపించకుండా పోయింది. లోపల క్షుద్రపూజలు జరుగుతున్నాయని చూసి, బాబ్ డేవీ అనే స్థానికుడు 1992లో దానిని కాపాడడానికి పూనుకున్నాడు. తీగ కొట్టించి, కప్పు వేయించే పని సాగుతుండగా గోడ పూతల కింద 1090 ప్రాంతానివని నిపుణులు తేల్చిన చిత్రాలు బయటపడ్డాయి. ఇంగ్లండులో ఇంత పాతవి, ఇంత విస్తారంగా ఉన్నవి చాలా అరుదు. శిథిలాన్ని శిథిలంగానే ఉంచాలన్న సిద్ధాంతం అక్కడ నెగ్గి ఉంటే, ఇంకో ఇరవై చలికాలాలకు ఆ చిత్రాలు మట్టిలో కలిసేవి.

స్కాట్లండులో ఇంకొకటి. నాప్‌డేల్ తీరాన కిల్‌మోరీ అనే చోట 13వ శతాబ్దపు చిన్న మందిరం కప్పు లేకుండా ఉండేది. దానికి గాజు కప్పు వేశారు. గోడల చుట్టూ మధ్యయుగపు సమాధి రాళ్ళు ఆనించి ఉంటాయి, కత్తులూ పడవలూ అల్లిక తీగలూ చెక్కినవి. నడుమ 15వ శతాబ్దపు మక్‌మిలన్ శిలువ నిలబెట్టి ఉంది. దాని ఒక ముఖాన శిలువ మీది క్రీస్తు, రెండో ముఖాన వేటగాడు, అతని కుక్కలు, దుప్పి. ఆ గాజు కప్పును ఎవరూ 13వ శతాబ్దపుదని భ్రమపడరు. అది ఊహ కాదు, గొడుగు. శిథిలశోధి గారు అడిగిన “ఏ శతాబ్దపు కప్పు” అన్న ప్రశ్నకు జవాబు అదే: మన శతాబ్దపు కప్పు, మనదేనని ఒప్పుకునే కప్పు.

సున్నపు మేస్త్రి

మీ రెండు ఉదాహరణలూ నిజమైనవే, రెండూ మీ ప్రతిపాదనకు ఎదురు తిరుగుతున్నాయి కూడా. హౌటన్‌లో గోడలకు పూత మిగిలి ఉంది. పూత అన్నది తడిస్తే పోయేది, కాబట్టి కప్పు వేయడం తప్పనిసరి. కిల్‌మోరీలో కప్పు వేసింది గోడల కోసం కాదు, లోపల చేర్చిన చెక్కుడు రాళ్ళ కోసం. చెక్కుడు గీత లోతు కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, వాన అరగదీస్తే తిరిగి రాదు. అంటే రెండు చోట్లా కప్పు కింద దాచుకోవలసిన సొత్తు ఉంది. లిగ్విలో సొత్తు గోడే. గోడలో రాయి అరిగితే అరగనివ్వండి, సున్నం పోతే మళ్ళీ పడుతుంది, అది మరమ్మతుకు లొంగే వస్తువు.

గాజు గురించి ఒక మాట. గాజు కప్పు వేసిన ప్రతిచోటా రెండు తలనొప్పులు వస్తాయి. వేసవిలో లోపల వేడెక్కి, రాయిలోని తేమతో పాటు ఉప్పు పైకి తేలి తెల్లగా పూస్తుంది. చలికాలంలో గాజు లోపలి వైపు నీటి బిందువులు కట్టి రాళ్ళ మీదే కారతాయి. గాలి ఆడేలా చూడకపోతే నీడలో పచ్చటి నాచు పడుతుంది. కప్పు వేసినవాళ్ళు ఆ తర్వాత దానిని నిచ్చెన వేసి తుడిచేవాళ్ళను కూడా చూసుకోవాలి. ఊరికి దూరంగా, పూటకో నలుగురు వచ్చే మందిరానికి అది ఎవరు చేస్తారు?

నిర్వాహకులు

వేయిస్తంభాల గుడి పనుల ఆలస్యం మీద, ఏ ప్రభుత్వ హయాంలో ఏం జరిగిందన్న దాని మీద వచ్చిన వ్యాఖ్యలను వేరే చర్చకు మార్చాము. ఇక్కడ లిగ్వి మందిరానికి సంబంధించిన మాటలే రాయగలరు.

ఉదయకీర్తన

మేస్త్రి గారి వాదన నాకు అర్థమైంది, కానీ అది నా ప్రశ్నను తాకలేదు. సొత్తు గోడలోనే ఉందని మీరు అంటున్నారు. నా దృష్టిలో సొత్తు వాడుక. ఆ మందిరం పెద్ద చర్చికి దూరంగా ఉన్న లిగ్వి జమీందారీ కుటుంబానికీ, చుట్టుపక్కల సేద్యగాళ్ళకూ దగ్గర్లో ప్రార్థన జరగాలని కట్టినదై ఉండవచ్చు. నేలమాళిగను 16వ శతాబ్దంలో చేర్చారంటే, అప్పటికి నాలుగు వందల ఏళ్ళుగా వాడుకలో ఉన్నదానిని ఆ తరం వాళ్ళు తమ అవసరానికి పెంచుకున్నారన్న మాట. 14వ శతాబ్దం వాళ్ళు పైగోడలు కూల్చి కట్టుకున్నారు, అప్పుడెవరూ ఒప్పందపత్రం చదవలేదు. ప్రతి తరానికీ దక్కిన ఆ హక్కు మనతోనే ఎందుకు ఆగిపోవాలి?

శిథిలశోధి

ఈ చర్చలో నాకు ఎదురైన బలమైన ప్రశ్న ఇదే, దీనికి సాంకేతికంగా జవాబు చెప్పి తప్పించుకోలేను. వాళ్ళకు హక్కు ఎందుకు ఉంది? ఎందుకంటే వాళ్ళు ఆ మందిరపు సభ్యులు. చలిలో అక్కడికి నడిచి వెళ్ళేవాళ్ళు, కప్పు కారితే తడిసేవాళ్ళు, చనిపోతే ఆ చుట్టుపక్కలే పాతిపెట్టబడేవాళ్ళు. ఇవాళ కప్పు వేయమని అడుగుతున్నది ఆ సంఘం కాదు, సందర్శకులం. వాళ్ళ హక్కును సందర్శకులకు బదిలీ చేయలేం. రేపు ఆ చుట్టుపక్కల ఒక సంఘం ఏర్పడి, మాకిది ప్రతివారం కావాలి, దీని ఖర్చూ కాపలా మేమే చూసుకుంటామని వస్తే నేను వేరే జవాబు చెబుతాను. కాడూ వారి అనుమతి, పురావస్తు చట్టం అప్పుడు కూడా అడ్డు నిలుస్తాయి. అయినా అప్పటి వాదన వేరు.

ప్రార్థనకు కప్పు తప్పనిసరి కాదన్నది కూడా మరిచిపోవద్దు. బ్రిటన్‌లో ఎన్నో శిథిల మందిరాల్లో వేసవిలో ఒకటి రెండు ఆరాధనలు ఆకాశం కింద జరుగుతుంటాయి. గోడలు నిలిచి ఉంటే చాలు.

ఇంకొక సంగతి కూడా ఈ చర్చలోకి రావాలి. మందిరం ఒంటరిగా లేదు. అక్కడి నుంచి పొలాల వెంట నడిచే దూరంలోనే దిన్ లిగ్వి ఉంది. అది రోమన్ పాలన చివరి కాలపు పల్లె, సున్నపురాతి ప్రహరీ లోపల గుండ్రటి ఇళ్ళూ నలుచదరపు గదులూ పాత గోడలతో కనిపిస్తాయి. రోడ్డు పక్కన లిగ్వి సమాధి గది ఉంది, రాతియుగపు చివరి దశకు చెందినది, దాని పైబండ ఒక్కటే దాదాపు 25 టన్నులు. 20వ శతాబ్దం మొదట్లో తవ్వినప్పుడు అందులో పలువురి ఎముకలు దొరికాయి. ఒకే దారిలో నడిచి చూస్తే రాతియుగం, రోమన్ యుగం, క్రైస్తవ మధ్యయుగం మూడూ శిథిలాలుగానే కనిపిస్తాయి. దిన్ లిగ్వి ఇళ్ళకు గడ్డి కప్పు వేయాలని ఇక్కడ ఎవరూ అడగలేదు. ఎందుకంటే ఆ ఇళ్ళు ఎవరివో మనకు తెలియదు. మందిరం మాత్రం మనకు తెలిసిన మతానిది, అందుకే దానిని శిథిలంగా చూడడం మనకు ఇబ్బందిగా ఉంది. కప్పు కోరికలో సగం ఆ ఇబ్బందే అని నా అనుమానం.

ఓరుగల్లు పాఠకుడు

ఆ అనుమానం నిజమే అయినా తప్పేముంది? తెలిసినదాని మీద మమకారం ఉంటుంది. మమకారం లేనిచోట శిథిలం నుంచి రాళ్ళు ఊడబెరికి పొలం గట్లకూ పశువుల కొట్టాలకూ వాడుకున్నారు, వేల్స్‌లోనూ తెలంగాణలోనూ. కాకతీయుల నాటి విడి స్తంభాలు ఇప్పటికీ ఊరి రచ్చబండల్లో, పొలం గెట్లలో కనిపిస్తాయి. చట్టం వచ్చేదాకా లిగ్వి గోడలు నిలిచాయంటే, దానికి సిద్ధాంతం కన్నా చుట్టుపక్కల వాళ్ళ మొహమాటమే కారణమై ఉంటుంది. కప్పు వేయకపోయినా ఫరవాలేదు, ఆ మొహమాటం పోకుండా చూడండి.

తీరవాసి

శిథిలశోధి గారు, మేస్త్రి గారు చెప్పినదంతా ప్రధాన గదికి వర్తిస్తుంది. దక్షిణపు గది సంగతి వేరని నా వాదన, దాని మీద నాకు ఇంకా జవాబు రాలేదు. దాని నేల కిందే నేలమాళిగ ఉంది. అంటే అక్కడ గది నేలే మాళిగకు కప్పు. పై గదికి కప్పు లేదు కాబట్టి పడిన ప్రతి వానచుక్కా ఆ నేల మీద పడి, మాళిగ కప్పులోని సందుల్లోకి దిగుతుంది, మెట్ల మీదుగా కూడా లోపలికి పోతుంది. గోడ నెత్తి మీద పచ్చిక పరచవచ్చు గానీ జనం నడిచే నేల మీద కుదరదు. ప్రధాన గదిని వదిలేయండి. దక్షిణపు గదికి, దానికి మాత్రమే, విప్పి తీయగలిగే తేలికపాటి చెక్క కప్పు వేస్తే అభ్యంతరమేమిటి? 16వ శతాబ్దపు పని కాబట్టి 12వ శతాబ్దపు గోడ జోలికి పోనక్కరలేదు.

సున్నపు మేస్త్రి

ఇది తూచవలసిన ప్రశ్నే. మాళిగ కప్పు తడవడం గోడ తడవడం లాంటిది కాదు. గోడ తడిసినా రెండు ముఖాల నుంచి ఆరుతుంది, మాళిగకు గాలి ఆడే దారి మెట్లొకటే. కానీ చెక్క కప్పుకు ముందు చేయవలసిన పని ఒకటుంది. పై గది నేలను జాగ్రత్తగా ఎత్తి, మాళిగ కప్పు పైముఖాన సున్నపు కాంక్రీటు పొర పరచాలి, దానికి గుమ్మం వైపు స్వల్పంగా వాలు ఇవ్వాలి, నీరు అక్కడి నుంచి గోడ బయటికి పోయేలా కాలువ తీయాలి, ఆపైన పాత పలకలను వాటి చోటే పెట్టాలి. పురావస్తు తవ్వకందారు పక్కన నిలబడి నేల ఎత్తడాన్ని చూడాలి, ఎందుకంటే పలకల కింద ఏముందో అప్పుడే తెలుస్తుంది. మెట్ల మొదట్లో అరచేయి ఎత్తు రాతి గట్టు కడితే లోపలికి దిగే నీరు చాలావరకు ఆగుతుంది. ఇవన్నీ చేశాక రెండు చలికాలాలు మాళిగ గోడల తేమ కొలిచి చూడండి. అప్పటికీ తడి తగ్గకపోతే మీ చెక్క కప్పు గురించి మాట్లాడుదాం, దాని కాళ్ళు గోడ మీద కాకుండా గది నేల అంచున నిలిచేలా గీసి తీసుకురండి.

తీరవాసి

గోడ మీద కాకుండా నేల మీద నిలిచే కప్పుకు గాలి పట్టు ఎలా వస్తుంది? మీరే పైన గాలి కప్పును లేపుతుందన్నారు.

సున్నపు మేస్త్రి

బరువుతో. అడుగు చట్రం నాలుగు మూలలా రాతి దిమ్మెలు పెట్టి, చట్రాన్ని వాటికి బోల్టులతో బిగించాలి. పాత నేలలోకి ఒక్క మేకు కూడా దిగకూడదు. అయితే మాళిగ కప్పు ఆ దిమ్మెల బరువు మోయగలదో లేదో ముందు లెక్క కట్టించాలి. మోయలేదని తేలితే మీ కప్పు అక్కడితో ఆగిపోయినట్టే, కాలువా గట్టూ మిగులుతాయి.